గోదాట్లో దొరికిన ప్రతి వంకర బిళ్ళా ఎర్రర్ కాయిన్ కాదు

ఎర్రర్ కాయిన్ అంటే టంకశాలలో తయారయ్యేటప్పుడే తేడా జరిగిన నాణెం, నాణేలు సేకరించేవాళ్ళు ఎక్కువ డబ్బిచ్చి కొనేది. బయటికొచ్చాక దెబ్బతిన్నది ఎంత వింతగా ఉన్నా అది పాడైన నాణెమే. ఈ తేడా తెలియక మా రాజమండ్రి వైపు జనం రెండు రూపాయల బిళ్ళకి వందలకి వందలు పోస్తుంటే నాకు కడుపు మండిపోతోంది, అందుకే రాస్తున్నా.

మన దగ్గర ఈ గందరగోళం ఎక్కువ, దానికి గోదారే కారణం. రైలు వంతెన మీదకి రాగానే చిల్లర నీళ్ళలో వేసి దణ్ణం పెట్టుకోవడం 1900లో హేవలాక్ వంతెన మొదలైన దగ్గర్నుంచీ ఉన్నదే అనుకుంటా, ఆ వంతెన 1997లో ఆగిపోయినా అలవాటు మాత్రం పక్క వంతెనల మీదకి వచ్చేసింది. తాడుకి అయస్కాంతం కట్టి ఆ డబ్బులు తీసేవాళ్ళున్నారు. స్టీలు బిళ్ళలే దానికి అంటుకుంటాయి, పాత రాగి నికెల్ ఐదు రూపాయలు అంటుకోవు, వాటికోసం మునగాల్సిందే. ఇలా వచ్చిన చిల్లరలో వింత బిళ్ళలు బోలెడు.

"బాబూ, దీని మీద అక్షరాలే లేవండి, ఎర్రరంటారు కదండీ, ఎంతొస్తాదండి?" అని రేవులో ఒకాయన రూపాయి బిళ్ళ చేతిలో పెట్టాడు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో చూస్తే సింహాల తలలు చదునైపోయాయి, అంచు గట్టు గుండ్రంగా అరిగిపోయింది, ఒళ్ళంతా సన్నటి గుంటలు. "ఇది ఇసుక రాపిడి బాబాయ్, రూపాయికి రూపాయే" అన్నాను. అచ్చులో గ్రీజు నిండిపోయి అక్షరాలు సరిగ్గా పడని నాణేలు నిజంగానే ఉంటాయి, కాకపోతే వాటిలో గట్టు నిండుగా ఉంటుంది, అక్షరం మసకబారిన చోట కూడా లోహం కొత్తదానిలా నున్నగా ఉంటుంది. అరుగుదల అలా ఒక్క చోటే ఆగదు, ముందు ఎత్తుగా ఉన్నవాటిని తినేస్తుంది.

అసలు కిటుకు, టంకశాలలో ఏ దశలో ఏం జరుగుతుందో తెలుసుకోవడం. లోహపు రేకు నుంచి బిళ్ళలు కోస్తారు, అంచు లేపుతారు, తర్వాత పైనొకటి కిందొకటి రెండు అచ్చుల మధ్య, చుట్టూ కట్టు ఉండగా ఒక్క దెబ్బ వేస్తారు. మీ చేతిలో ఉన్న తేడా వీటిలో ఎక్కడ పుట్టగలదో చెప్పలేకపోతే అది ఎర్రర్ కాదనే అనుకోండి.

అంచు కోత పడిన బిళ్ళనే తీసుకుందాం, ఎక్కువ మోసాలు ఇందులోనే. డబ్బా మూతతో పూరీలు కోసేటప్పుడు మూత పక్క కోత మీదకి జరిగితే పూరీకి నెలవంకలా లోటు పడుతుంది కదా, ఇదీ అంతే. అందుకే అసలైన కోత వంపు మామూలుగా ఆ నాణెం వంపుకే సరిపోతుంది. ఇంకో గుర్తు నాకు భలే ఇష్టం: అంచు లేపే మెషీన్లో కోత ఉన్న వైపు ఒత్తిడి అందదు కాబట్టి దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న గట్టు కూడా పలచబడుతుంది. ప్రతి బిళ్ళలో ఇది స్పష్టంగా కనపడకపోవచ్చు గానీ, కనపడితే ధైర్యంగా తీసుకోవచ్చు. కోత పక్కన అక్షరాలు సాగి, మసకబారి ఉంటాయి. ఆకురాయితో అరగదీసినదాంట్లో అక్షరం కత్తితో తెగినట్టు టక్కున ఆగిపోతుంది, ఎదురు గట్టు మామూలుగానే ఉంటుంది.

గీతలది సులువు. అచ్చు పగిలితే లోహం ఆ పగుల్లోకి ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. మేకుతో గీసింది లోపలికి దిగి, పక్కల గోటికి గరుకు తగులుతుంది.

బొమ్మ ఒకవైపు మామూలుగా, రెండోవైపు అదే బొమ్మ అద్దంలోలాగా తిరగబడి లోపలికి దిగి ఉంటే దాన్ని బ్రాకేజ్ అంటారు. ముందు కొట్టిన నాణెం అచ్చుకి అతుక్కుపోయి తర్వాతి బిళ్ళ మీద తనే అచ్చయిందన్నమాట. దీన్ని వైసులో, అంటే ఇనప ముక్కలు బిగించే పనిముట్టులో, రెండు నాణేలు బిగించి తయారుచేసేవాళ్ళున్నారు. అలా చేసినదాంట్లో అసలు ముద్ర పూర్తిగా పోదు, దాని మీదే తిరగబడ్డ అక్షరాలు లోతు లేకుండా పడతాయి, బలం పడ్డ చోట ఉబ్బెత్తు భాగాలు నలిగిపోయి ఉంటాయి.

పది రూపాయల బిళ్ళ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. బయటి చుట్టు, లోపలి బిళ్ళ విడివిడిగా తయారైనా రెండూ కలిసేది, వాటి మీద ముద్ర పడేది ఒకే దెబ్బలో. కాబట్టి లోపలి బిళ్ళ పక్కకి జరిగినా, ముద్ర చుట్టు మీద నుంచి బిళ్ళ మీదకి తెగకుండా సాగితే అది అసలైనదే. చుట్టు నిటారుగా ఉండి లోపలి ముద్ర ఒరిగిపోయినా, బొమ్మ వైపు బొరుసు వచ్చినా ఎవరో లోపలిది ఊడగొట్టి మళ్ళీ దిగ్గొట్టారన్నమాటే. దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టొద్దు.

చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి. 2011లో మొదలైన వరసలో రూపాయి 3.79 గ్రాములు, రెండు రూపాయలు 4.85, ఐదు రూపాయలు 6; 2019లో వచ్చిన కొత్త వరస బరువులు వేరు. యాసిడ్‌లో ముంచి పలచన చేసిన బిళ్ళ అక్కడే దొరికిపోతుంది.

ఇంకో మాట, అసలైనది దొరికిందనిపిస్తే చింతపండుతో తోమకండి, బూడిదతో అసలే వద్దు, ఆ పైపొరే మీకున్న సాక్ష్యం. మంచినీళ్ళలో కడిగి ఆరబెట్టి విడిగా కవర్లో పెట్టండి. ఫోన్ చేసి "మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు కమిషన్ కట్టండి" అని రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పేవాళ్ళు వస్తే ఫోన్ పెట్టేయండి. అలాంటి వ్యవహారాలతో తమకేం సంబంధం లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది.