ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయిన రైలు

నిన్న అమ్మని గాజులకి చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ తీసుకెళ్లాను. జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) దాకా మెట్రోలో హాయిగా కూర్చుని వచ్చాం. దిగగానే ఆటో బేరం. నయాపూల్ దాటి మదీనా చౌరస్తాలో ఇరుక్కున్నాం, ఇంచు కదిలితే ఒట్టు!

"చార్మినార్‌కి స్టేషన్ వస్తుందన్నావు కదరా, ఏదీ?" అంది అమ్మ.

అన్నాను, నిజమే. హైదరాబాద్ మెట్రో మొదటి దశ ప్లాన్‌లోనే ఈ లైను ఫలక్‌నుమా దాకా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషీర్‌గంజ్, ఫలక్‌నుమా: అప్పట్లో మ్యాప్‌లో ఈ పేర్లన్నీ ఉండేవి. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. మిగిలింది ఐదున్నర కిలోమీటర్లే. ఇరుకు రోడ్డు, కూల్చాల్సిన ఇళ్లు, దుకాణాలు, దారి పొడుగునా దర్గాలు, గుళ్లు... ఊరికే ఆగలేదు లెండి. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు, ఈసారి చాంద్రాయణగుట్ట దాకా అన్నారు.

తిరిగొచ్చేటప్పుడూ అదే ట్రాఫిక్. న్యూస్‌పేపర్లో చుట్టిన గాజులు ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ అడ్డం పెట్టింది అమ్మ. ఇంటికొచ్చి విప్పితే రెండే పగిలాయి.

"స్టేషన్ కట్టాక మళ్లీ వెళ్దాం" అంటే, "అప్పటికి నాకు గాజులెందుకురా, చేతికర్ర కావాలి" అని నవ్వింది.