పీలింగ్ హాల్లో రేడియో

దారెస్సలాం నగరం నుంచి వచ్చిన మేనేజరు గారు జీడిపప్పు పొట్టు తీసే మా హాలంతా తిరిగి చూసి, "ముందా రేడియో తీయించండి. కబుర్లు వింటూ కూర్చుంటే కిలోలు ఎలా లేస్తాయి?" అన్నారు. అందరి ముందూ అన్నారు. పెద్దాయన, పైగా మన దేశం మనిషి. అప్పటికి ఊరుకున్నాను గానీ ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది.

పలాసలో నేర్చుకున్న పనే నన్ను టాంజానియాలోని మ్త్వారాకి తెచ్చింది. ఇదీ జీడిపిక్కల సీమే. మా పీలింగ్ బల్లల దగ్గర అంతా ఆడవాళ్ళే, చాలామంది చంటిపిల్లల తల్లులు. పొట్టు తీసేటప్పుడు చేతులకీ కళ్ళకీ తీరిక ఉండదు, చెవులొక్కటే ఖాళీ. గోడకి మలేరియా పోస్టరు అంటిస్తే తలెత్తి చూసేదెవరు? చదవడం రాని వాళ్ళూ ఉన్నారు. ఇక్కడి భాష స్వాహిలీలో మాట్లాడే రేడియో అయితే అందరికీ అందుతుంది.

మొన్న వానల్లో ఒక చిన్న నాటిక వచ్చింది. పిల్లాడికి రాత్రి జ్వరం. అత్త వేపాకు కషాయం పట్టి తెల్లారనిమ్మంటుంది, కోడలు వినదు. ఇక్కడా వేపాకే మొదటి మందు, అందుకే నాకు మన ఇళ్ళే గుర్తొచ్చాయి. నాటిక అవ్వకముందే బల్లల మధ్య వాదన. "మా పెద్దోడికి కషాయంతోనే తగ్గింది" అని ఒకామె. "తగ్గింది ఒళ్ళు వేడి, రక్తంలో ఉన్నది పోయిందా?" అని ఎదురుగా కూర్చున్నామె. ఎవరి చేతులూ ఆగలేదు. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో మలేరియా అవునో కాదో తేలిపోతుందని, అయితే దానికిచ్చే మ్సేతో మాత్రలు రోజుకి రెండుసార్లు మూడు రోజులూ వెయ్యాలని, పిల్లాడు లేచి ఆడుకుంటున్నా మధ్యలో ఆపకూడదని వాళ్ళలో వాళ్ళే చెప్పుకున్నారు. నర్సు చెప్తే తలూపి వచ్చేస్తారు. రేడియో చెప్తే వాదించుకుంటారు, వాదించుకున్న మాటే ఇంటిదాకా వెళ్తుంది.

గర్భిణీల సంగతి ఇంకా ముఖ్యం. మలేరియా క్రిమి మాయలో చేరి కూర్చుంటే తల్లికి జ్వరమే రాకపోవచ్చు. లోపల రక్తం తగ్గిపోతుంది, బిడ్డ తక్కువ బరువుతో పుడుతుంది. తొలి కాన్పు వాళ్ళకి ముప్పు ఎక్కువ. అందుకే నాలుగో నెల నుంచి, నెలైనా ఎడం ఉండేలా, క్లినిక్‌లో నర్సు ఎదుటే మలేరియా నుంచి కాపాడే ఎస్పీ మాత్రలు మూడేసి మింగిస్తారు. జ్వరం లేనప్పుడు మందెందుకు, బిడ్డకేమైనా అవుతుందేమో అన్న భయం ఏ తల్లికైనా ఉంటుంది. ఆ భయానికి రేడియో రోజూ ఓపిగ్గా జవాబు చెప్తుంది.

ఈ దేశంలో మలేరియా మీద పోరు కొత్త కాదు. 2004 నుంచి కొన్నేళ్ళు గర్భిణీలకి దోమతెర కొనుక్కోవడానికి 'హాతి పుంగుజో' అనే రాయితీ చీటీ ఇచ్చారు. 2010లో 'మలేరియా హైకుబాలికి', అంటే మలేరియాని ఒప్పుకోం అంటూ గాయకులతో పెద్ద ప్రచారం నడిపారు. 2013లో మా మ్త్వారా, లిండి, రువుమా ప్రాంతాల్లో బడిపిల్లల చేతికే తెరలిచ్చి ఇళ్ళకి పంపడం మొదలెట్టారు.

రేడియో ఒక్కటే ప్రాణాలు నిలబెడుతుందని నేననను. బుర్కినా ఫాసోలో 2012 నుంచి 2015 దాకా కొన్ని ప్రాంతాల్లో రోజుకి ఎన్నోసార్లు ఇలాంటి ప్రకటనలు వేసి, వెయ్యని ప్రాంతాలతో పోల్చి చూశారు. పిల్లల్ని క్లినిక్‌కి తెచ్చే తల్లులు బాగా పెరిగారు. మరణాలు తగ్గినట్టు మాత్రం లెక్కల్లో తేలలేదు. అయినా తల్లి గడప దాటి రావడం చిన్న విషయమా? ఆఫ్రికాలో మలేరియాతో పోయేవాళ్ళలో నాలుగింట మూడొంతులు అయిదేళ్ళ లోపు పిల్లలే. మేనేజరు గారికి కిలోలే కావాలంటే, వానాకాలంలో మా బల్లలు ఎందుకు ఖాళీ అవుతాయో హాజరు పుస్తకం చూస్తే తెలుస్తుంది. బిడ్డకి జ్వరమొచ్చిన తల్లి పనికెలా వస్తుంది?

మనవాళ్ళని తక్కువ చెయ్యడం లేదు. మన దగ్గర ఆశా కార్యకర్త గుమ్మం దాకా వచ్చి పేరు పెట్టి పిలుస్తుంది, అది ఏ రేడియో వల్లా కాదు. కానీ పలాస పీలింగ్ హాళ్ళలో, పాడేరు వైపు ఏజెన్సీ ఊళ్ళలో, ఆవిడ వెళ్ళిపోయాక కూడా ఇలా వాళ్ళ భాషలో మాట్లాడే గొంతొకటి ఉంటే బాగుండునని ఇక్కడికొచ్చాకే అనిపించింది.

నన్ను బాధపెట్టింది వేరొకటి. ఆ మధ్య ఇద్దరు గర్భిణీలు పూట కూలి వదులుకుని క్లినిక్‌కి వెళ్తే ఎస్పీ మాత్రలు అయిపోయాయన్నారు. మర్నాడు రేడియోలో ఆ మాత్రలకే రమ్మనే ప్రకటన వస్తే హాలంతా నవ్వారు. ఆ నవ్వుకి నాకు భయమేసింది. టీ టైములో ఒక పెద్దావిడ నా ఫోన్ అడిగి తీసుకుని, శ్రోతల ఫోన్లు తీసుకునే కార్యక్రమానికి చేసి, "రమ్మంటారు, వస్తే లేవంటారు, ఎప్పుడొస్తాయి?" అని గాలిలోనే నిలదీసింది. అక్కడున్న ఆరోగ్య అధికారి తేదీ చెప్పాడు. మాత్రలు ఆ తేదీకి ఒకట్రెండు రోజులు అటూ ఇటూగా వచ్చాయి. ఫోన్ వల్లే వచ్చాయో, ఎలాగూ రావాల్సినవో. ఇప్పుడావిడ తన ఫోన్ నుంచే చేస్తోంది. ఈసారి పిల్లల తెరల గురించి అడుగుతానంటోంది.