మామ్మగారి పాత టీవీకి కొత్త బాక్స్

కేబుల్‌లో పాత అనలాగ్ ప్రసారాలు ఆగిపోయి, సెట్‌టాప్ బాక్స్ ఉంటేనే టీవీ వస్తుందనగానే రాజోలు వైపు మా ఊళ్లో పెద్దవాళ్లకి ఒకటే టెన్షన్. మెట్రో నగరాల్లో 2012లోనే మొదలైన మార్పు ఇది. పల్లెల గడువును 2016 డిసెంబర్ 31 నుంచి 2017 మార్చి 31కి జరిపారు.

పక్కింటి మామ్మగారు కొత్త టీవీ కొనాలేమోనని కొబ్బరికాయల డబ్బు తీసి పక్కన పెట్టారు. "అక్కర్లేదండి మామ్మగారూ, బాక్స్ చాలు" అన్నాను. టీవీకి పసుపు, తెలుపు, ఎరుపు సాకెట్లుంటే అవే రంగుల వైర్లు పెట్టి, టీవీని ఏవీ మోడ్‌కి (ఆ సాకెట్ల నుంచి బొమ్మ, శబ్దం తీసుకునే మోడ్) మార్చాలి, అంతే. ఆవిడకి అసలు కష్టం రెండు రిమోట్లతో. ఛానెల్ మార్చే బాక్స్ రిమోట్‌కి ఎర్ర దారం కట్టాను. తర్వాత మా వీధిలో చాలా రిమోట్లకి ఆ దారం వచ్చింది. నాకెంత సంతోషమో!

కేబుల్‌కి నెలనెలా కట్టలేనివాళ్లకి దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ మేలు, ఉపగ్రహం నుంచి నేరుగా డిష్‌కి ఛానెళ్లు వస్తాయి, చందా ఉండదు. మన కోనసీమలో డిష్ ఆగ్నేయం వైపు, బాగా పైకి చూడాలి. కొబ్బరి మట్టలు అడ్డం రాని చోటే బిగించండి. తుఫాను రోజులకి ముందు బోల్టులు ఒకసారి గట్టిగా తిప్పించండి.