ఒక్క బొట్టు కోసం ఇంత తతంగం

మొన్న ఫోన్లో అమ్మ అడిగింది, ఆర్నెల్ల నుంచి ల్యాబ్‌లో అసలేం చేస్తున్నావ్ రా అని. ప్రోటీన్‌కి బొట్టు పెడుతున్నానమ్మా అన్నా. "బొట్టుకి ఆర్నెల్లా?!"

ఆల్ఫా సిన్యూక్లిన్ అని 140 అమైనో ఆసిడ్ల ప్రోటీన్ ఉంది, పార్కిన్సన్స్ వచ్చినవాళ్ల మెదడులో ముద్దలు కట్టేది అదే. ఆ ముద్దల్లోని ప్రోటీన్‌లో దాదాపు 90 శాతానికి 129వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆసిడ్ మీద ఫాస్ఫేట్ ఉంటుంది (నా బొట్టు అదే), మామూలు మెదడులో చాలా తక్కువ. మరి ఫాస్ఫేట్ వల్ల ముద్ద కడుతుందా, ముద్ద కట్టాక ఫాస్ఫేట్ చేరుతుందా? తేల్చాలంటే అచ్చంగా 129 దగ్గరే బొట్టున్న ప్రోటీన్ కావాలి. ఎంజైమ్‌కి అప్పజెప్తే చిన్నపిల్లాడికి కుంకుమ భరిణె ఇచ్చినట్టే, కొన్నిటికి పెట్టదు, కొన్ని ఎంజైములైతే 87 దగ్గర కూడా పూసేస్తాయి.

అందుకే కెమిస్ట్రీ. 1963లో మెరిఫీల్డ్ అనే కెమిస్ట్ చూపించినట్టు రెసిన్ పూసల మీద ఒక్కో అమైనో ఆసిడ్ గుచ్చుకుంటూ పోవడం, బొట్టున్న సెరీన్‌ని దాని వంతు రాగానే ఎక్కించడం. కానీ ప్రతి అతుకూ 99 శాతం కుదిరినా 140 అయ్యేసరికి మిగిలేది పావు వంతే, మిగతాదంతా చెత్త. కాబట్టి 107 నుంచి 140 దాకా నేను కడతా, మొదటి 106 బ్యాక్టీరియా చేత చేయిస్తా, రెండూ ముడేస్తా.

ఆ ముడి 1994లో డాసన్, కెంట్ అనే కెమిస్టులు చూపించిన లైగేషన్, అంటే రెండు ముక్కల్ని అతికించడం, నాకైతే ఇప్పటికీ మ్యాజిక్కే. ఒక ముక్క చివర థయోఎస్టర్ అనే సల్ఫర్ ఉన్న కొక్కెం, ఇంకో ముక్క మొదట్లో సల్ఫర్ ఉన్న అమైనో ఆసిడ్ సిస్టీన్, నీళ్లలో కలిపితే సల్ఫర్ ముందు పట్టుకుంటుంది, పక్కనున్న నైట్రోజన్ దాన్ని లాక్కుని అమైనో ఆసిడ్లని కలిపే అసలైన పెప్టైడ్ బాండ్ చేసేస్తుంది. చిక్కేంటంటే ఈ ప్రోటీన్‌లో సిస్టీనే లేదు, అందుకని 107వ స్థానంలోని అలనీన్ చోట సిస్టీన్ పెట్టి, ముడి పడ్డాక సల్ఫర్ పీకేస్తే మళ్లీ అలనీన్ అయిపోతుంది, ముడి ఎక్కడుందో కూడా తెలీదు. ఇందులో వాడే థయోల్ అనే సల్ఫర్ పదార్థం కంపు మాత్రం చొక్కాకి రెండ్రోజులుంటుంది!

అణువుల బరువు తూచే మాస్ స్పెక్‌లో 14,540 డాల్టన్లు రావాలి. వచ్చింది, పక్కనే 14,556 కూడా వచ్చింది, ఎక్కడో ఒక మెథియోనీన్ అనే అమైనో ఆసిడ్ ఆక్సిజన్ పట్టేసింది. రెండూ శుద్ధి చేసే కాలమ్‌లో విడిపోవట్లేదు.

మళ్లీ మొదట్నుంచి కట్టడానికి కొత్త రెసిన్ నానబెట్టా. అమ్మకి ఇంకో నెల అని చెప్పా.