పెంచడమంటే ఎన్ని జాడీలు?

ఫిబ్రవరి, మంగళవారం రాత్రి

గుంటూరు యార్డుకి కొత్త మిర్చి దిగుతోంది. మధ్యాహ్నం వదిన ఆర్డర్ల పుస్తకం పట్టుకొచ్చి, "కాయ ఎంత కొనమంటావు?" అంది. జనవరి 1న క్యాలెండర్ మీద ఎర్రసిరాతో రాసుకున్నది చూపించాను: "ఈ ఏడు పచ్చళ్ళ వ్యాపారం పెంచాలి." నిరుడూ అదే రాశాను.

"పెంచడమంటే ఎన్ని జాడీలమ్మాయ్?"

నోరు పెగల్లేదు. టిఫిన్ బండి అయితే జనం పెరిగిన రోజు నాలుగు గరిటెల పిండి ఎక్కువ రుబ్బుకుంటారు. ఆవకాయ అలా కాదు, ఎండల్లో పెట్టిందే ఏడాదంతా అమ్మాలి. తొలకరి పడ్డాక ఎంత తెలివొచ్చినా మామిడికాయ రాదు.

పుస్తకం తిరగేశాం. నిరుడు పెట్టింది 400 కిలోలు. అందులో 290 కిలోలు నేరుగా ఇళ్ళకే వెళ్ళాయి, చాలామటుకు అమెరికా పెట్టెల్లోకి. మిగతా 110 కిలోలు పావుకిలో సీసాల్లో కొట్లకి. సీసా ఖర్చు, కొట్టువాళ్ళ వాటా పోను అక్కడ కిలోకి 90 రూపాయలు తక్కువ మిగిలింది. అంటే 9,900. నూనె కారి తిరిగొచ్చిన సీసాలు ఇందులో కలపలేదు. ఇక దసరా తర్వాత "అయిపోయిందండీ" అని నేను ఫోన్లో చెప్పిన ప్రతి ఇంటినీ వదిన వెనక అట్ట మీద పెన్సిల్‌తో రాసిపెట్టింది. 37 ఇళ్ళు, 60 కిలోల పైమాటే. (మా ఆడిటరు, మేనేజరు అన్నీ ఆ పెన్సిలే.) ఆ నెలల్లోనే నేను స్కూటీ వేసుకుని కొత్త కొట్ల కోసం తిరుగుతున్నాను!

జాడీలు పెంచట్లేదు. ఈసారీ 400 కిలోలే, పావుకిలో సీసాలు బంద్. మా పాళ్ళ ప్రకారం కారం 50 కిలోలు కావాలి. తొడిమలూ తరుగూ పోతాయి కాబట్టి 60 కిలోల మిరపకాయ. రంగుకి వరంగల్ చపాటా, ఘాటుకి తేజ. నెలాఖరులోపు యార్డు పని వదినది. పాత ఇళ్ళతో పాటు ఆ 37 ఇళ్ళకీ ఫోన్ చేసి మార్చి 31లోపు సగం డబ్బు తీసుకోవడం నాది. అడ్వాన్సులు 200 కిలోలకైనా రాకపోతే మామిడికాయ తగ్గించి చెబుతాం.

మా ఆయన విని, "అంతే పెడితే పెంచడమేంటే?" అన్నాడు. పుస్తకం చేతికిచ్చాను. చదివి, అన్నం పెట్టమన్నాడు.

సీసాలు తీసుకునే కొట్లలో ఒకటి బాబాయిగారిది. ఇక సీసాలు ఇవ్వలేమని ఆయనకి ఎవరు చెప్పాలో ఎనిమిదింటిదాకా తేలలేదు. వదిన నన్ను చూసింది, నేను పుస్తకం సర్దుకున్నాను.