పాత దూలాల మీద లేచిన గ్లోబ్

మన నాటక తరగతి గోడ మీది గ్లోబ్ థియేటర్ బొమ్మ, అదే లండన్‌లోని షేక్‌స్పియర్ సమాజపు నాటకశాల బొమ్మ, మీకందరికీ గుర్తుండే ఉంటుంది. దాని కింద 1599 అని రాసి ఉండేది. ఆ కలప మాత్రం అంతకు 23 ఏళ్ల ముందుదే.

1576లో జేమ్స్ బర్బేజ్ లండన్ పొలిమేర అవతల, షోర్‌డిచ్‌లో 'ద థియేటర్' అనే నాటకశాల కట్టాడు. నేల గైల్స్ ఆలెన్‌ది, లీజు 21 ఏళ్లు. గడువు దగ్గరపడుతుంటే 1596లో 600 పౌండ్లు పోసి నాటకాలకోసం లండన్‌లోని బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఒక హాలు కొన్నాడు. ఇరుగుపొరుగు అర్జీ పెట్టి ఆట కట్టించారు. మరుసటి ఏడు బర్బేజ్ పోయాడు, లీజూ తీరింది. డబ్బేమో తాళం వేసిన హాల్లో ఇరుక్కుంది.

1598 డిసెంబరు 28న ఆయన కొడుకులు కత్‌బర్ట్, రిచర్డ్, వడ్రంగి పీటర్ స్ట్రీట్‌ను వెంటబెట్టుకెళ్లి పాత శాలను విప్పించడం మొదలుపెట్టారు. నేల ఆలెన్‌దైనా కలప తమదేనని వాళ్ల వాదన. ఓక్ దూలాలను ఒకదాంట్లో ఒకటి దిగేసి చెక్క సీలలతో బిగించిన కట్టడం కనుక, విప్పి మళ్లీ కూర్చడం కుదిరింది. కలపను థేమ్స్ దాటించి దక్షిణపు ఒడ్డున గ్లోబ్ లేపారు.

చేతిలో సొమ్ము చాలక తమ నాటక సమాజంలోని నటులనే శాలకు యజమానులను చేశారు. నన్నడిగితే అసలు విశేషం ఇదే. సగం బర్బేజ్ సోదరులది. మిగతా సగం షేక్‌స్పియర్, హెమింజెస్, ఫిలిప్స్, పోప్, కెంప్‌లది, అంటే తలా పదో వంతు. విదూషకుడు కెంప్ త్వరలోనే తప్పుకోవడంతో మిగతా నలుగురికీ తలా ఎనిమిదో వంతైంది. కింద నిలబడి చూసేవాళ్ల పెన్నీలు నటులకు, గ్యాలరీ వసూళ్లలో సగం శాల యజమానులకు. రెండు వైపులా వాటా ఉన్నవాడికి రెండు చేతులా రాబడి. 1603లో వీళ్లే రాజుగారి నాటక సమాజమయ్యారు.

పైకప్పుకు మాత్రం చవకగా గడ్డి వేశారు. 1613 జూన్ 29న 'హెన్రీ ది ఎయిత్' ఆటలో పేల్చిన ఫిరంగి నుంచి ఎగిరిన నిప్పు అందులో పడింది. జనం ఆట చూస్తూ పొగను పట్టించుకోలేదు. శాల మొత్తం కాలిపోయినా ప్రాణనష్టం లేదు. ఒకడి లాగు అంటుకుంటే సీసాలోని ఏల్ (ఒక రకం బీరు) పోసి ఆర్పారట! మరుసటి ఏడే తిరిగి కట్టారు, ఈసారి పెంకులతో. ఖర్చు వాటాదారుల నెత్తినే పడింది. 1642లో పార్లమెంటు నాటకాలు ఆపించేదాకా ఆ శాల నడిచింది.

1997లో తెరిచిన నేటి గ్లోబ్‌కీ గడ్డి కప్పే. కాకపోతే దాని మీద నీళ్లు చిమ్మే గొట్టాలున్నాయి.