సన్నని తీగలు ఎంతవరకు చాలు? ఇంటి ఆడియో కేబుళ్లతో నా అనుభవం

మా ఇంట్లో ఆంప్లిఫైయర్ వెనుక బొటనవేలంత లావున్న కేబుళ్లు ఉండేవి. వాటి బరువుకు, బిరుసుకు ప్లగ్గులు సాకెట్లలో వదులైపోతూ ఉండేవి. పాట వినడానికి నిజంగా ఎంత రాగి, ఎంత తొడుగు అవసరమో స్వయంగా తేల్చుకోవాలని అప్పుడే అనిపించింది. తీసేయగలిగినదంతా తీసేస్తూ పోయి, ధ్వని చెడిన చోట ఆగాలని నిశ్చయించుకున్నాను. గోడ సాకెట్ నుంచి వచ్చే కరెంటు తీగ జోలికి మాత్రం పోలేదు. అది ప్రాణాలతో ముడిపడిన విషయం కనుక ఎవరూ పోకూడదు కూడా.

ఇందుకు కంప్యూటర్ నెట్‌వర్క్‌లకు వాడే క్యాట్-5 కేబుల్ తీసుకున్నాను. దాని పైతొడుగు చీలిస్తే నాలుగు జతలుగా మెలివేసిన ఎనిమిది తీగలు బయటపడతాయి. ఒక్కొక్కటీ సుమారు 0.5 మిల్లీమీటర్ల మందం గల ఒంటి తీగ, అంటే పోగుల కట్ట కాదు. మొదట సీడీ ప్లేయర్‌కూ ఆంప్లిఫైయర్‌కూ మధ్య అర మీటరు కేబుల్ చేశాను. చానెల్‌కు ఒక జత, రెండు కొసలకూ ఆర్‌సీఏ ప్లగ్గులు (ఆడియో పరికరాల వెనుక గుచ్చే గుండ్రటి ప్లగ్గులు), అంతే, షీల్డు, అంటే బయటి అలజడిని ఆపే లోహపు తొడుగు, లేదు.

పది రోజులు బాగానే పనిచేసి, ఆ తరువాత ఎడమ చానెల్ వస్తూ పోతూ ఉండసాగింది. ప్లగ్గు విప్పి చూస్తే టంకం మెరుస్తూ చక్కగానే ఉంది కాని, దానికి రెండు మిల్లీమీటర్ల అవతల తీగ తెగి ఉంది. తొడుగు ఒలిచేటప్పుడు నా బ్లేడు తీగ మీద గాటు పెట్టింది, కేబుల్ వంగినప్పుడల్లా ఆ గాటు లోతై చివరికి తెగిపోయింది. తెగిన కొసను భూతద్దం కింద పెట్టి చూసినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. పైన రాగి రంగు ఉన్నా లోపల తెల్లగా ఉంది. నేను రాగి అనుకున్నది రాగి పూత పూసిన అల్యూమినియం! అలాంటి తీగకు రాగి కంటే సుమారు ఒకటిన్నర రెట్ల నిరోధం ఉంటుంది, వంచితే త్వరగా తెగుతుంది కూడా. ఆ చుట్ట మొత్తం పక్కన పెట్టి అసలైన రాగి కేబుల్ తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఏ తీగ కొన్నా మొదట కొసను బ్లేడుతో గీకి లోపలి రంగు చూస్తున్నాను. ఒలవడానికి బ్లేడు మానేసి, తీగ మందానికి సరిపోయే గాడి ఉన్న స్ట్రిప్పర్ వాడుతున్నాను. టంకం వేసిన చోటు వంగకుండా దాని మీద వేడికి ముడుచుకునే గొట్టం తొడుగుతున్నాను.

షీల్డు లేని ఈ కేబుల్‌తో ఇబ్బంది ఒక్కచోటే ఎదురైంది. కేబుల్ ఆంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి పోయినప్పుడు సన్నగా గుయ్యిమనే శబ్దం వినిపించింది, జానెడు దూరం జరిపితే పోయింది. మెలిక విప్పి రెండు తీగలనూ ఎడంగా ఉంచి చూస్తే ఆ శబ్దం మళ్లీ వచ్చింది. తీగల మధ్య ఖాళీ పెరిగినకొద్దీ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం చొరబడే చోటు పెరుగుతుందన్న మాటను అలా నా చెవులతోనే విన్నాను. రికార్డు ప్లేయర్ కేబుల్‌ను మాత్రం మార్చలేదు. సీడీ ప్లేయర్ గరిష్ఠంగా 2 వోల్టుల దాకా ఇస్తే, రికార్డు ప్లేయర్ సూది నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. అంత చిన్న సంకేతానికి షీల్డు తప్పనిసరి.

అసలైన పాఠం స్పీకర్ తీగల దగ్గర దొరికింది. ఒక్కో స్పీకర్‌కు 3 మీటర్ల పొడవున ఒకే ఒక జత వేసి పాట పెట్టాను. గాత్రం ఒక అడుగు ముందుకు వచ్చినట్టు, మాట మరింత స్పష్టమైనట్టు అనిపించి చాలా సంతోషించాను. సన్నని ఒంటి తీగను ఇష్టపడేవారు చెప్పేది ఇదే కదా అనుకున్నాను. కాని కారణం తెలియని సంతోషంతో ఊరుకోలేక మల్టీమీటర్ తీశాను. అవతలి కొసలు రెండూ కలిపి కొలిస్తే 0.7 ఓమ్‌లు చూపింది. అందులో మల్టీమీటర్ సొంత తీగల 0.2 తీసేస్తే మిగిలింది అర ఓమ్.

ఈ అర ఓమ్ చిన్నదేమీ కాదు. స్పీకర్ వెనుక 8 ఓమ్‌లు అని ఉన్నా, నా స్పీకర్ ఇంపెడెన్స్ (స్వరాన్ని బట్టి మారే నిరోధం) గ్రాఫు ప్రకారం అది ఒక చోట 4కు దిగుతుంది, మరో చోట 30కి ఎక్కుతుంది. 4 ఓమ్‌ల దగ్గర ఈ తీగ ధ్వనిని 1 డెసిబెల్ తగ్గిస్తుంది, 30 దగ్గర 0.14 మాత్రమే తగ్గిస్తుంది. అంటే స్వరాల మధ్య దాదాపు 0.9 డెసిబెల్ తేడాను తీగే కొత్తగా తెచ్చిపెట్టింది. గాత్రానికి నిండుదనమిచ్చే కింది భాగం తగ్గింది, స్పష్టతనిచ్చే పై భాగం అలాగే నిలిచింది. నేను స్పష్టత అనుకున్నది సన్నని తీగ గొప్పదనం కాదు, టోన్ కంట్రోల్‌ను కొంచెం తిప్పినట్టు జరిగిన మార్పు. అది వినడానికి బాగుండవచ్చు, తప్పనను. అయితే రికార్డింగులో ఉన్నది మాత్రం అది కాదు.

తరువాత ఎనిమిది తీగలనూ వాడి, నిండు రంగువి నాలుగూ ప్లస్‌కు, చారలున్నవి నాలుగూ మైనస్‌కు కలిపాను. నిరోధం 0.13 ఓమ్‌లకు, స్వరాల తేడా పావు డెసిబెల్‌కు పడిపోయాయి. ఇలాంటి కేబుళ్లను చాలా కలిపి జడలా అల్లేవారు ఉన్నారు. అలా అల్లితే కెపాసిటెన్స్ (తీగల మధ్య విద్యుదావేశం నిలిచే గుణం) బాగా పెరిగి కొన్ని ఆంప్లిఫైయర్లు అదుపు తప్పే ప్రమాదం ఉంది కనుక నేను ఒక్క కేబుల్‌తోనే ఆగాను.

నా చెవులను కూడా పరీక్షించాలి కనుక మా తమ్ముడి సాయం తీసుకున్నాను. ముందు 400 హెర్ట్జ్ స్వరం పెట్టి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర వోల్టేజీ కొలిచి, పోల్చే రెండు కేబుళ్లకూ సమం చేశాము, ఎందుకంటే కొంచెం బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా అనిపిస్తుంది. తరువాత నేను వీపు తిప్పి కూర్చుంటే, వాడు ప్రతిసారీ ఆంప్లిఫైయర్ ఆపి, నాణెం ఎగరేసి, ఏ కేబుల్ పడితే అది బిగించాడు. పాత లావు కేబుల్‌కూ ఒంటి జతకూ మధ్య 16 సార్లలో 14 సార్లు సరిగ్గా చెప్పగలిగాను. లావు కేబుల్‌కూ ఎనిమిది తీగల కేబుల్‌కూ మధ్య మాత్రం 9 సార్లే చెప్పగలిగాను. నాణెం ఎగరేసినా దాదాపు అన్నే వస్తాయి. “ఇంకోసారి చేద్దామా అన్నయ్యా” అని వాడు అడిగాడు కాని, నాకు కావలసిన జవాబు అప్పటికే దొరికింది.

ఆ వారమే ఆంప్లిఫైయర్‌ను గది మూల నుంచి తీసి రెండు స్పీకర్ల మధ్యకు మార్చాను. దాంతో ఒక్కో తీగ పొడవు 3 మీటర్ల నుంచి 1.5 మీటర్లకు తగ్గింది. పొడవు సగమైంది కనుక నాలుగు జతలలో రెండు తీసేసి మళ్లీ కొలిచాను. మల్టీమీటర్ తీగలది తీసేస్తే మిగిలింది అదే 0.13 ఓమ్.